అమ్మీ ఉమ్రాకి ఏ కార్డు తీసుకుందాం?



పోయిన నెల ఒక జుమ్మా రోజు అసర్ నమాజ్ అయ్యాక ఇంటిల్లిపాదీ మంగినపూడి బీచ్‌కి వెళ్ళాం. హైదరాబాదు నుంచి మా తమ్ముడు, మరదలు, వాళ్ళబ్బాయి వచ్చారు. అమ్మీ మోకాళ్ళతో నీళ్ళ దాకా నడవలేదు. గట్టు మీద చాప వేసి కూర్చోబెట్టాం. ఇంటి నుంచి తెచ్చిన పూరీలు, బందరు హల్వా డబ్బా విప్పాం.

మా తమ్ముడి కొడుకు సాఫ్ట్‌వేర్‌లో చేరి రెండేళ్ళయింది. మంచి పిల్లాడు, దాదీ అంటే ప్రాణం. పూరీ తింటూనే అన్నాడు: "బడే అబ్బా, దాదీ ఉమ్రా టికెట్ ఫికర్ మీరు పెట్టుకోవద్దు. నేను చూసుకుంటా. ముఫ్త్‌లో వచ్చేస్తుంది." ఫోన్ తీసి చూపించాడు. మూడు క్రెడిట్ కార్డులు పక్కపక్కన పెట్టి ఒక పట్టీ తయారు చేసుకున్నాడు. ఏ కార్డుకి ఏటా ఫీజు ఎంత, వంద రూపాయలు ఖర్చు పెడితే ఎన్ని పాయింట్లు, ఏ విమాన కంపెనీకి మార్చుకోవచ్చు, ఎయిర్‌పోర్ట్ లౌంజ్‌లో ఎన్నిసార్లు కూర్చోవచ్చు, అన్నీ ఉన్నాయి. మూడిట్లో ఏది తీసుకోవాలో మష్వరా చెప్పమన్నాడు.

నేను నోరు తెరిచేలోపు అమ్మీ అడిగింది.

"ముఫ్త్ అంటున్నావు. విమానం వాడికి పైసలు ఎవరిస్తారు బేటా?"

"బ్యాంకు ఇస్తుంది దాదీ."

"బ్యాంకుకి ఎవరిస్తారు?"

వాడు నవ్వాడు. "అది బ్యాంకు తలనొప్పి దాదీ, మనకెందుకు" అన్నాడు. అమ్మీ ఇంకేం మాట్లాడలేదు, తస్బీహ్ తిప్పుకుంటూ సముద్రం వైపు చూస్తూ కూర్చుంది. నేను మాత్రం ఆ సవాల్‌ని వదల్లేకపోయాను. ఈ నెల రోజులూ దాని మీదే చదివాను, లెక్కలు వేశాను. ఇది ఒక్క మా ఇంటి ముచ్చట కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఇవాళ ప్రతి ఖాందాన్‌లో ఒకరు గల్ఫ్‌లో, ఒకరు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్నారు. వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు "ఈ కార్డు తీసుకుంటే జిద్దా టికెట్ ఫ్రీ" అని పెడుతూనే ఉన్నారు.

ముందు కార్డుల సంగతి. సఫర్ కోసం అమ్మే కార్డులు స్థూలంగా మూడు రకాలు.

మొదటిది ఒక్క విమాన కంపెనీతో జత కట్టిన కార్డు. ఎయిర్ ఇండియాతో ఎస్‌బీఐ కార్డు, ఇండిగోతో హెచ్‌డీఎఫ్‌సీ, కోటక్ ఇచ్చినవి ఈ కోవలోవి. పాయింట్లు ఆ కంపెనీ విమానాలకే ఎక్కువ పనికొస్తాయి. ఏటా నాలుగైదు సార్లు అదే కంపెనీలో తిరిగేవాళ్ళకి బాగుంటుంది. జీవితంలో ఒకసారి ఉమ్రాకి వెళ్ళే మా అమ్మీ లాంటివాళ్ళకి దానితో ఏం పని?

రెండోది బ్యాంకు సొంత మైళ్ళు ఇచ్చి, వాటిని ఎన్నో విమాన కంపెనీల ఖాతాల్లోకి మార్చుకోనిచ్చే కార్డు. మా వాడికి బాగా నచ్చింది యాక్సిస్ అట్లాస్. దాని ఏడాది ఫీజు 5,000, పైన జీఎస్టీ 18 శాతం కలిపితే 5,900. మామూలు ఖర్చు మీద వందకి 2 మైళ్ళు, విమాన కంపెనీ దగ్గరో హోటల్ దగ్గరో నేరుగా కొంటే వందకి 5. చాలా కంపెనీల్లో ఒక మైలు రెండు పాయింట్లవుతుంది. నెలకి 25,000 చొప్పున మా వాడు ఏడాదికి 3 లక్షలు గీకితే 6,000 మైళ్ళు, అంటే 12,000 విమాన పాయింట్లు. వాడి లెక్క అబద్ధం కాదు. ఒకటో తారీఖున జీతం పడుతుంది, బిల్లు మొత్తం దానంతటదే కట్ అవుతుంది, ఖర్చంతా ఆన్‌లైన్‌లోనే. అలాంటివాడికి ఈ కార్డు పనికొస్తుంది.

మూడోది చూడ్డానికి ఏ ఆర్భాటమూ లేని కార్డు. పాయింట్లు తక్కువ, లౌంజ్ ఉండకపోవచ్చు. కానీ విదేశంలో వాడినప్పుడు అదనపు రుసుము ఉండదు, లేదా చాలా తక్కువ. మా వాడి పట్టీలో ఇది అట్టడుగున ఉంది. నా హిసాబ్‌లో ఇదే పైకొచ్చింది. ఎందుకో చెప్తాను.

మన ఇళ్ళ ఖర్చులు ఎలా ఉంటాయో ఒకసారి గుర్తు చేసుకోండి. ఇనగుదురుపేటలో నేను మాంసం తెచ్చుకునే దుకాణంలో కార్డు గీకే మిషన్ లేదు. కిరాణా ఫోన్‌పే మీద నడుస్తుంది. ఇంటి అద్దె, పెట్రోలు, వాలెట్‌లో వేసుకునే డబ్బు, వీటికి చాలా కార్డులు పాయింట్లు ఇవ్వవు, ఇచ్చినా కోత పెడతాయి. ఇక అన్నిటికన్నా పెద్ద ఖర్చు ఉమ్రా ప్యాకేజీ. మన ట్రావెల్స్ వాళ్ళు నగదో బ్యాంకు ట్రాన్స్‌ఫరో అడుగుతారు. కార్డు అంటే "భాయ్, రెండు శాతం ఎక్స్‌ట్రా అవుతుంది" అంటారు. లక్ష రూపాయల ప్యాకేజీ అనుకుందాం. కార్డు మీద కడితే 2,000 ఎక్కువ ఇచ్చి, 2,000 మైళ్ళు తెచ్చుకున్నట్టు. ఇది ముఫ్త్ కాదు, మైలుకి రూపాయి చొప్పున కొనుక్కోవడం.

జిద్దాలో దిగాక ఇంకో లెక్క ఉంది. మామూలు కార్డుని విదేశంలో గీకితే 3.5 శాతం దాకా మార్పిడి రుసుము వేస్తారు. దాని మీద జీఎస్టీ కలిస్తే 4.13 శాతం. హోటల్‌కి, తిండికి, ఖజూరాలకి, పిల్లలకి తెచ్చే బహుమతులకి కలిపి 50,000 అయిందనుకోండి, 2,065 రూపాయలు ఊరికే పోతాయి. అదే ఖర్చు మీద వచ్చే పాయింట్ల విలువ అందులో సగం కూడా ఉండకపోవచ్చు. ఇంకో ముచ్చట. మక్కాలోనో మదీనాలోనో దుకాణంవాడు కార్డు పెట్టగానే మిషన్ మీద "రూపాయల్లోనా, రియాళ్ళల్లోనా" అని వస్తుంది. రూపాయలు చూసి మనవాళ్ళు సంబరపడి నొక్కేస్తారు. రియాల్ నొక్కండి. రూపాయలు నొక్కితే రేటు ఆ మిషన్‌వాడు పెట్టుకుంటాడు, మనకి అదనపు వాత పడుతుంది.

లౌంజ్ మాట కూడా చెప్పి ముగిస్తాను. 2024 నుంచి చాలా బ్యాంకులు ముందు మూడు నెలల్లో ఇన్ని వేలు ఖర్చు పెట్టినవాళ్ళకే లౌంజ్ అని షరతు పెట్టాయి. ఇడ్లీ, చాయ్ కోసం అవసరం లేని సామాన్ కొనుక్కునేవాళ్ళని నేను చూశాను. మా అమ్మీ అయితే శంషాబాద్‌లో కూడా ఇంటి పూరీయే తింటుంది.

ఇంకో సంగతి, పాయింటు పైసా కాదు. అది బ్యాంకు ఇచ్చిన మాట, ఆ మాట మార్చుకునే హక్కు కూడా బ్యాంకు తన దగ్గరే ఉంచుకుంటుంది. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న ఆగిపోయింది. ఏళ్ళ తరబడి జెట్ మైళ్ళు కూడబెట్టినవాళ్ళకి జెట్ విమానం ఎక్కే దారే లేకుండా పోయింది. విస్తారా 2024 నవంబర్ 12న ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది. పాయింట్లయితే అటు మారాయి, కానీ విస్తారా పేరు చూసి కార్డు తీసుకున్నవాళ్ళు లెక్క మళ్ళీ మొదటి నుంచి వేసుకోవాల్సి వచ్చింది. యాక్సిస్ మాగ్నస్ కార్డు ఒకప్పుడు నెలకి లక్ష ఖర్చు పెడితే 25,000 పాయింట్లు అదనంగా ఇచ్చేది. దేశమంతా దాన్ని పొగిడింది. 2023 సెప్టెంబర్ 1 నుంచి ఆ అదనం తీసేసి, ఫీజు 10,000 నుంచి 12,500 చేశారు. కాబట్టి "మూడేళ్ళు కూడబెట్టి దాదీని పంపిస్తా" అనే ప్లాన్‌కి ఎవరి గ్యారంటీ లేదు. ఇప్పుడు నేను రాసిన ఫీజులు, పాయింట్లు కూడా మీరు చదివే వేళకి మారి ఉండొచ్చు. దరఖాస్తు పెట్టేముందు బ్యాంకు వెబ్‌సైట్‌లో చూసుకోండి.

ఇక అమ్మీ సవాల్. బ్యాంకుకి ఎవరిస్తారు?

దీనికి జవాబు నాకు పుస్తకాల్లో వెతకాల్సిన అవసరం లేకపోయింది. ఒకప్పుడు ఇచ్చినవాణ్ణి నేనే.

విజయవాడలో పత్రిక డెస్క్‌లో పనిచేసే రోజులు. ఒక కుర్రాడు ఆఫీసుకొచ్చి ఫారం నింపించుకున్నాడు. కార్డు వచ్చింది. ఆరు నెలలకి అబ్బాకి గుండె నొప్పి. ఆసుపత్రిలో 60,000 కార్డు మీద కట్టాను. ఆ పూట ఆ కార్డు నాకు అల్లా పంపిన సహాయంలా అనిపించింది. బిల్లు వచ్చాక చూస్తే అందులో ఒక చిన్న అంకె: కట్టాల్సిన కనీస మొత్తం 3,000. హమ్మయ్య అనుకున్నాను. ఉర్దూ మీడియంలో చదువుకుని తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి, ఆ కాగితం వెనక సన్నటి అక్షరాల ఇంగ్లీషు చదివే ఓపిక లేకపోయింది. చదవకపోవడం నా తప్పే. పద్దెనిమిది నెలలు కనీస మొత్తం కడుతూ పోయాను. మొత్తం కలిపి దగ్గర దగ్గర 50,000 కట్టాను. ఇంకా 47,000 బాకీ ఉంది.

మళ్ళీ చదవండి. 60,000 అప్పుకి 50,000 కట్టాక 47,000 బాకీ.

డెస్క్ ఫోన్‌కి వసూలు వాళ్ళ కాల్స్ మొదలయ్యాయి. పక్క సీటువాళ్ళు వింటుండగా మాట్లాడాల్సి వచ్చేది. ఆఖరికి మా ఆవిడ నికాహ్ నాటి గాజులు అమ్మి ఆ ఖర్జ్ తీర్చాం. ఆ కార్డు మీద నాకు వచ్చిన పాయింట్లకి ఒక ట్రాలీ బ్యాగు ఇచ్చారు. అది ఇప్పటికీ అటక మీద ఉంది. పాత దుప్పట్లు పెట్టుకున్నాం. ఏ సఫర్‌కీ దాన్ని కిందికి దించదు మా ఆవిడ.

ఆ లెక్క ఇవాళ్టి రేట్లతో వేసి చూడండి. 60,000 బిల్లులో 3,000 కట్టారు, 57,000 మిగిలింది. నెలకి 3.75 శాతం వడ్డీ అంటే 2,137. దాని మీద జీఎస్టీ 385. ఒక్క నెలకి 2,522. నిజానికి వడ్డీ కొన్న రోజు నుంచే లెక్కేస్తారు, కొత్తగా కొన్నవాటికి కూడా గడువు ఉండదు, కాబట్టి ఇంకా ఎక్కువే అవుతుంది. అట్లాస్ లాంటి కార్డు మీద అదే 60,000కి వచ్చేది 1,200 మైళ్ళు. ఒక్కోటి రెండు రూపాయలనుకున్నా 2,400. ఒక్క నెల బిల్లు నిలబడితే ఆ ఖర్చు మీద వచ్చిన మైళ్ళన్నీ వడ్డీకే సరిపోవు. ఏడాదికి చూస్తే ఈ వడ్డీ 45 శాతం. మన పేటల్లో ధర్మవడ్డీ అంటే నూటికి నెలకి రూపాయో రూపాయిన్నరో. మూడు రూపాయల వడ్డీవాడంటే ఊరంతా భయపడుతుంది. కార్డు వడ్డీ మూడు రూపాయల ముప్పావలా.

దీనికి హద్దు లేదా అని అడగొచ్చు. జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో, కార్డు బాకీల మీద ఏడాదికి 30 శాతం దాటి వడ్డీ వసూలు చేయడం అన్యాయమైన వ్యాపార పద్ధతి అని తీర్పిచ్చింది. బ్యాంకులు సుప్రీంకోర్టుకి వెళ్ళాయి. 2024 డిసెంబర్ 20న సుప్రీంకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. ఇవాళ ఆ 30 శాతం గీత కూడా లేదు.

బ్యాంకుకి ఇచ్చే రెండో మనిషి దుకాణందారు. మనం కార్డు గీకినప్పుడల్లా అతని సొమ్ములోంచి వందకి దాదాపు రెండు రూపాయలు పోతాయి. చిలకలపూడిలో రోల్డుగోల్డు గాజులు అమ్మే ఆసామీ ఆ రెండు రూపాయలు ఎక్కడి నుంచి తెస్తాడు? ధరలో కలుపుతాడు. నగదు ఇచ్చి కొనే కూలి మనిషి కూడా అదే ధర కడుతుంది. 2010లో బోస్టన్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు ఆర్థికవేత్తలు అమెరికా లెక్క తీశారు. నగదు వాడే ఒక్కో కుటుంబం నుంచి సగటున ఏడాదికి 149 డాలర్లు పోతుంటే, కార్డు వాడే ఒక్కో కుటుంబానికి 1,133 డాలర్లు వచ్చి చేరుతున్నాయని తేల్చారు. అది అమెరికా. మన దగ్గర 2020 జనవరి నుంచి యూపీఐ మీద దుకాణందారుకి ఆ కోత లేదు కాబట్టి భారం అంత ఉండకపోవచ్చు. కానీ పైసా నడిచే దారి అదే. లేనివాడి దగ్గర నుంచి ఉన్నవాడి దగ్గరకి.

మరి లాభం ఎవరికి? అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన మైళ్ళ పథకాన్ని 1981 మేలో మొదలుపెట్టింది. తరచూ ఎక్కేవాళ్ళని తమ దగ్గరే ఉంచుకోవడానికి పుట్టిన ఆలోచన అది. 2020లో కరోనాతో విమానాలు చాలావరకు నేల మీద ఉన్నప్పుడు యునైటెడ్ ఎయిర్‌లైన్స్ అప్పు కోసం తన మైళ్ళ పథకాన్నే తాకట్టు పెట్టింది. దాని విలువ దాదాపు 22 బిలియన్ డాలర్లని చూపించింది. ఆ రోజుల్లో మొత్తం కంపెనీ షేర్ల విలువ అందులో సగం మాత్రమే. బ్యాంకులకి మైళ్ళు అమ్ముకోవడం అంత పెద్ద బేరం. ఆ బేరంలో కస్టమర్‌కి దక్కేది వాళ్ళు లెక్క చూసుకుని వదిలిన చారెడు.

ఇదంతా మా వాడికి ఫోన్‌లో చెప్పాను. వాడు తెలివైనవాడు, సూటిగా అడిగాడు. "బడే అబ్బా, నేను వడ్డీ ఒక్క రూపాయి కట్టను. నేను పాయింట్లు తీసుకోకపోతే ఇంకొకడి వడ్డీ తగ్గుతుందా?"

తగ్గదు. నిజం ఒప్పుకోవాలి. వాడు కార్డు చింపేసినా ఆ బ్యాంకుకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

నేను ముఫ్తీని కాను, ఫత్వా నా పని కాదు. ఉలమాలు ఏమన్నారో మాత్రం చదివాను. అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 2000 సెప్టెంబర్‌లో రియాద్‌లో కూర్చుని, ఖాతాలో డబ్బు లేకుండా అప్పు మీద నడిచే కార్డు ఒప్పందంలో వడ్డీ షరతు ఉంటే అది జాయిజ్ కాదని చెప్పింది. గడువులోపు కట్టేద్దామనే నియ్యత్ ఉన్నా సరే అని కూడా చెప్పింది. మన ఉపఖండంలో మరికొందరు ముఫ్తీలు, అవసరం ఉండి, వడ్డీ పడకముందే మొత్తం కట్టేసే ఇంతిజామ్ ఉంటే వాడుకోవచ్చంటారు. రెండు మాటలూ మన ముందు ఉన్నాయి. మీరు నమ్మే ఆలిమ్‌ని అడిగి తేల్చుకోండి. నా సవాల్ వేరు. సూరా బఖరాలో రిబా ఆయతుల వెంబడే, ఇబ్బందిలో ఉన్న బాకీదారుకి గడువు ఇవ్వమనే హుకుం వస్తుంది. అంటే ఖర్జ్‌లో మునిగినవాడి ముఖం మనకి కనబడాలని. పాయింట్ల పట్టీలో ఆ ముఖం కనబడదు. ఒకప్పుడు ఆసుపత్రి కౌంటర్ దగ్గర అబ్బా కోసం కార్డు గీకిన నా ముఖం కూడా దాంట్లో లేదు.

ఇక్కడ పాత ముచ్చట ఒకటి యాద్ వస్తోంది. ఎన్నేళ్ళు మనల్ని హజ్ సబ్సిడీ పేరుతో దెప్పారు! "మీ హజ్‌కి మా పన్నులు" అన్నారు. మనం ఏమన్నాం? మేం అడగలేదు, ఆ డబ్బు హాజీ చేతికి రాలేదు, విమాన టికెట్ల రూపంలో ఎయిర్ ఇండియాకే పోయింది అన్నాం. 2012లో సుప్రీంకోర్టు పదేళ్ళలో దాన్ని ఎత్తేయమంది, 2018 జనవరిలో ప్రభుత్వం ఆపేసింది. హజ్ ఇస్తితాఅత్ ఉన్నవాడి మీదే ఫర్జ్, ఇంకొకరి పైసలతో వెళ్ళక్కర్లేదు అని మన పెద్దలే చాలామంది ఆ రోజు సంతోషపడ్డారు. మరి ఇవాళ ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి కట్టిన సూద్‌లోంచి వచ్చే టికెట్‌ని "ముఫ్త్" అని చంకలు గుద్దుకోవడం ఎందుకు? అప్పుడు విమాన కంపెనీకే లాభమన్నాం. ఇప్పుడు కూడా లాభం విమాన కంపెనీకి, బ్యాంకుకే.

మా ఊరి పేరే రేవు. బందర్ అంటే ఫార్సీలో ఓడరేవు. కుతుబ్‌షాహీల కాలంలో ఈ తీరం నుంచి ఎర్రసముద్రం వైపు, మోఖా, జిద్దా రేవులకి ఓడలు నడిచేవి. సరుకుతో పాటు హాజీలు కూడా ఎక్కేవాళ్ళు. వాళ్ళు బాకీలు తీర్చుకుని, వీలునామాలు రాసి, మళ్ళీ వస్తామో రామో అని అందరి దగ్గరా మాఫీ అడిగి ఎక్కేవాళ్ళని చిన్నప్పుడు మా నానాజాన్ చెప్పేవారు. ఇప్పుడు మంగినపూడి దగ్గరే కొత్త పోర్టు కడుతున్నారు, 2023లో పనులు మొదలయ్యాయి. ఓడలు మళ్ళీ వస్తాయేమో. బాకీ లేకుండా బయల్దేరే ఆ అలవాటు మాత్రం పోకూడదని నా ఆశ.

అందుకని నేను తేల్చుకున్నది ఇది. కార్డు వాడటం వాడకపోవడం మీ ఇష్టం, మీ ఆలిమ్ మష్వరా. ఉమ్రా టికెట్‌ని మాత్రం పాయింట్ల మీద లెక్కపెట్టకండి. జీతం నెలనెలా ఒకే తారీఖున రానివాళ్ళు, అంటే దర్జీలు, ఆటో నడిపేవాళ్ళు, చేపల వ్యాపారం, కలంకారీ పని చేసేవాళ్ళు, నాలాంటి పత్రికలవాళ్ళు, ట్రావెల్ కార్డు జోలికే పోవద్దు. జీతం ఖాయంగా వచ్చే పిల్లలు తీసుకుంటే, ఫీజు లేని కార్డు, విదేశంలో అదనపు కోత లేని కార్డు చూసుకోండి. కొన్ని బ్యాంకులు ఫిక్స్‌డ్ డిపాజిట్ పెడితేనే ఇస్తాయి. ఆ డిపాజిట్ మీద వచ్చే వడ్డీ ఇంకో మస్లా అని మరిచిపోవద్దు. కార్డు చేతికొచ్చిన రోజే బిల్లు మొత్తం ఖాతాలోంచి దానంతటదే కట్ అయ్యేలా పెట్టండి. అక్కడ "కనీస మొత్తం", "మొత్తం బిల్లు" అని రెండు ఉంటాయి. రెండోదే ఎంచుకోండి. ఏటీఎంలో కార్డుతో నగదు తీయొద్దు. చాలా కార్డుల్లో దానికి ఒక్క రోజు కూడా గడువు లేదు, వడ్డీ ఆ క్షణం నుంచే. కార్డు వద్దనుకుంటే బాకీ తీర్చి రాతపూర్వకంగా అడగండి. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం 7 పనిదినాల్లో మూసేయాలి, లేకపోతే ఆలస్యమైన ప్రతి రోజుకీ 500 రూపాయలు బ్యాంకే మీకు కట్టాలి. కనీస మొత్తమే కడుతూ పోతే అప్పు నెలలు, ఏళ్ళు సాగుతుందని బిల్లు మీద హెచ్చరిక వేయాలని కూడా ఆ నిబంధనలే చెప్పాయి. నా రోజుల్లో ఆ ముక్క ఉండి ఉంటే మా ఆవిడ గాజులు మిగిలేవేమో.

మరి అమ్మీ ఉమ్రా?

మా ఖాందాన్‌లో పది మందిమి కలిసి ఒక చిట్టీ మొదలుపెట్టాం. పాట లేదు, తగ్గింపు లేదు, వడ్డీ లేదు. నెలకి మనిషికి 10,000, వంతులవారీగా లక్ష. కువైట్‌లో ఉన్న మా ఖాలా కొడుకు కూడా చేరాడు. మా తమ్ముడి కొడుకు మొదటి వంతు దాదీ పేరున రాయమన్నాడు. వాడి పట్టీలో రెండు కార్డులు కొట్టేసి, ఫీజు లేనిది ఒకటి ఉంచుకున్నాడు, మదీనాలో హోటల్‌కి పనికొస్తుందని. వాడి ఖాతాలోంచి బిల్లు మొత్తం కట్ అయ్యేలా పెట్టి, ఆ స్క్రీన్ ఫోటో నాకు పంపాడు.

చిట్టీ సంగతి చెప్పగానే అమ్మీ లోపలికెళ్ళి ఒక గుడ్డ మూట తెచ్చింది. కుట్టుమిషన్ తొక్కిన రోజుల నుంచి దాచుకున్నదట. 14,300 ఉన్నాయి. అందులో రద్దయిన పాత ఐదొందల నోట్లు రెండు కూడా ఉన్నాయి. అవి చెల్లవు అమ్మీ అంటే, "నాకు చెల్లుతాయి, ఉంచు" అంది.

ఇన్షా అల్లా రంజాన్ తర్వాత ప్రయాణం. దువాల్లో యాద్ ఉంచుకోండి. మీ ఇంట్లో ఎవరైనా కనీస మొత్తం కడుతూ నెట్టుకొస్తుంటే, పాయింట్ల పట్టీ పక్కన పెట్టి ముందు వాళ్ళని పిలిచి కూర్చోబెట్టండి. సిగ్గుపడి చెప్పరు. నేను పద్దెనిమిది నెలలు చెప్పలేదు.

ఖుదా హాఫిజ్.